నేలను చదివే పిల్లలకు నేల కావాలి



ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ చదువుతున్నానని ఒక అమ్మాయో అబ్బాయో చెప్తే చుట్టాలు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: తోటపనికి అంత చదువెందుకమ్మా అని. అపార్ట్‌మెంటు ముందు పచ్చిక, గేటు పక్కన పూలకుండీలు కళ్ళముందు కదులుతాయి కనుక ఆ ప్రశ్న వస్తుంది. వాన పడితే నీళ్ళు ఎటు పారతాయి, ఏ నేలలో ఏ చెట్టు నిలబడుతుంది, బండను పేల్చకుండా దారి ఎట్లా తీయవచ్చు, చెరువుకు ఎంత దూరంలో ఇల్లు కట్టుకోవచ్చు, మే నెల ఎండలో బస్సు కోసం నిలబడ్డ మనిషికి నీడ ఎక్కడ దొరుకుతుంది? వీటికి జవాబు చెప్పవలసిన విద్య ఇది. దీన్ని చదివే పిల్లలకు మనం ఏం సమకూరుస్తున్నాం, ఇంకా ఏం సమకూర్చాలి అన్నదే ఈ పూట నా ప్రసంగం. హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతాన్ని ముందు పెట్టుకొని మాట్లాడతాను.

మన దగ్గర ఈ విద్యకు రెండు దారులున్నాయి. ఒకటి ఆర్కిటెక్చర్ దారి. మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. ఐదేళ్ళ బీఆర్క్ చదువులో ల్యాండ్‌స్కేప్ ఒక పాఠ్యాంశంగా వస్తుంది. రెండోది ఉద్యాన విద్య దారి. 2014లో ఏర్పడిన శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం ప్రధాన కేంద్రం షామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద పోతే వచ్చే ములుగులో ఉంది. సిద్దిపేట జిల్లా ములుగు అది, సమ్మక్క సారలమ్మల ములుగు జిల్లా వేరు. అటవీ కళాశాల కూడా అక్కడే ఉంది. బీఎస్సీ హార్టికల్చర్ పిల్లలకు ల్యాండ్‌స్కేప్ సూత్రాలు ఒక పాఠంగా ఉంటాయి. పీజీలో పూలసాగు, ల్యాండ్‌స్కేపింగ్ కలిపి ఒక ప్రత్యేక విభాగమే ఉంది.

ఆర్కిటెక్చర్ విద్యార్థికి గీత వస్తుంది. మెట్లు, దారి, కూర్చునే చోటు, వెలుగు నీడలు అన్నీ కాగితం మీద పెట్టగలడు. అయితే తన ప్లాన్‌లో చెట్టుకు గుర్తుగా గీసిన గుండ్రటి బొమ్మ పక్కన ఏ చెట్టు పేరు రాయాలో అనేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఉద్యాన విద్యార్థికి మొక్క వస్తుంది. అంటు కడతాడు, తెగులు పట్టేస్తాడు, ఏ మొక్కకు ఎంత నీరో చెప్పేస్తాడు. ఐదెకరాల ఎగుడుదిగుడు నేల ఇచ్చి దీన్ని ఊరి జనానికి పనికొచ్చే చోటుగా గీసి చూపించమంటే, అటువంటి స్టూడియో అభ్యాసం అతనికి తగినంత దొరకలేదు. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరికి కావాలి. ఇద్దరికీ మధ్య దూరం ఒక బస్సు ప్రయాణం. అయినా వాళ్ళు కలుసుకొని పనిచేసే ఏర్పాటు మన చదువుల్లో బలంగా లేదు. నేను ఈ రోజు చెప్పదలచుకున్న మాటలన్నీ ఈ ఒక్క లోటు చుట్టూనే తిరుగుతాయి.

ఇక ఆ నేల సంగతి చూద్దాం. మేడ్చల్, షామీర్‌పేట చుట్టుపక్కల కనిపించే గ్రానైటు బండల వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ గుండ్లు, విశాలంగా పరుచుకున్న పరుపుబండలు, వాటి పగుళ్ళలో వేళ్ళు దింపిన రావి, జువ్వి, ఎండాకాలం ఆకు రాల్చి బంగారు రంగు పూలు పూసే కొండగోగు. ఈ బండల విలువ తెలిసినవాళ్ళు 1996లోనే హైదరాబాదులో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంఘం పెట్టుకున్నారు. వాళ్ళు జనాన్ని వెంటబెట్టుకొని బండల మధ్య నడిపిస్తుంటారు. విద్యార్థి మొదటి ఏడాదిలోనే ఆ నడకకు వెళ్ళాలి. పరుపుబండ మీద పడ్డ వాన ఏ వాలుకు జారి ఏ గుంతలో నిలుస్తుందో, ఆ గుంతలో ఏ మొలక లేస్తుందో చూసినవాడు తర్వాత తన సైటులో బండ కనపడగానే పేల్చేయమని రాయడు. దాని చుట్టూ దారి తిప్పుతాడు.

బండ తర్వాత చెరువు. ఈ పాఠం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. షామీర్‌పేట పెద్దచెరువు నిజాముల కాలం నాటిది. సెలవు రోజుల్లో కుటుంబాలతో సహా వచ్చి కట్ట మీద కూర్చునేవాళ్ళు ఎందరో. విద్యార్థి అక్కడికి వచ్చినప్పుడు నీటి అందం చూసి ఫొటో తీసుకొని వెళ్ళిపోతే పాఠం జరగనట్టే. కట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, తూము ఏ మట్టంలో ఉంది, మత్తడి దుంకితే ఆ నీరు ఏ వాగులో పడి కింద ఏ చెరువుకు చేరుతుంది, ఎండాకాలం బయటపడే శిఖం భూమిలో ఎవరు ఏం వేసుకుంటారు, ఒడ్డున జమ్ము పెరిగిందా, గుర్రపుడెక్క కమ్మిందా? గుర్రపుడెక్క కమ్మిందంటే మురుగు కలుస్తున్నదని అనుమానించాలి. మన పెద్దలు చెరువులను గొలుసుకట్టుగా తవ్వారు. పై చెరువు నిండి పొర్లితే కింది చెరువుకు నీళ్ళు. ఒక మత్తడి దగ్గర బయలుదేరి కింది చెరువు దాకా కాలువ వెంట నడిచి, దారిలో ఎక్కడెక్కడ రోడ్డు అడ్డం వచ్చిందో, ఎక్కడ ప్రహరీ గోడ లేచిందో, ఎక్కడ కాలువ గొట్టంగా మారిపోయిందో నోట్‌బుక్‌లో గీసుకుంటే, అది ఒక సెమిస్టరు పాఠానికి సమానం.

చట్టం కూడా అక్కడే నేర్చుకోవాలి. మన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు హద్దు నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు రాకూడదు. అంతకంటే చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. ఈ 30, 9 అనే అంకెలు క్లాసులో చదివితే పరీక్ష దాకా గుర్తుంటాయి. టేపు పట్టుకొని చెరువు హద్దు నుంచి కొలిచి, ఆ 30 మీటర్లలో ఏమున్నదో కళ్ళారా చూస్తే ఉద్యోగం చేసినంత కాలం గుర్తుంటాయి.

ఇక వాన లెక్క. హైదరాబాదు ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 80 సెంటీమీటర్లు. ఎకరం నేల మీద అది దాదాపు 32 లక్షల లీటర్ల నీరు. ఎక్కువ భాగం నైరుతి రుతుపవనాల నాలుగు నెలల్లోనే పడుతుంది. ఒక్కోసారి ఒకే రోజు ముంచేస్తుంది. 2020 అక్టోబర్ 13న మన మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోనే, ఘట్‌కేసర్ మండలంలో, ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన నమోదైంది. అంటే వెయ్యి చదరపు మీటర్ల డాబా మీద ఆ ఒక్క రోజే 3 లక్షల 20 వేల లీటర్లు. ఆ నీరంతా ఎక్కడికి పోవాలి? పచ్చిక ఎంత ఇంకిస్తుంది, ఇంకుడుగుంత ఎంత తాగుతుంది, మిగిలింది ఏ కాలువ పట్టాలి? ఈ లెక్క వేయడం రాని ల్యాండ్‌స్కేప్ చదువు అసంపూర్తి చదువని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ లెక్కలకు కావలసిన సమాచారం కోసం పిల్లలు ఎక్కడికో పోనక్కరలేదు. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం బాలానగర్‌లో ఉంది. దాని శిక్షణ కార్యక్రమాలు జీడిమెట్లలో జరుగుతాయి. ఇస్రో 2009లో తెచ్చిన భువన్‌లో ఉపగ్రహ చిత్రాలు, నేల ఎత్తుపల్లాల వివరాలు ఎవరైనా చూడవచ్చు. సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉప్పల్‌లో 1967 నుంచి ఉంది. ఆ శాఖ తన టోపో పటాలను 2017లో నక్షే అనే పోర్టల్‌లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. వాన లెక్కలు మండలాలవారీగా రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ దగ్గర దొరుకుతాయి. పటాలు కలిపి చూసుకోవడానికి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, పైసా ఖర్చు లేదు. ఇయాన్ మెక్‌హార్గ్ 1969లో తన పుస్తకం డిజైన్ విత్ నేచర్‌లో చూపించిన పద్ధతి ఇప్పటికీ ఈ విద్యకు పునాదే. రాయి ఒక పటం, మట్టి ఒక పటం, నీరు ఒక పటం, చెట్టూచేమా ఒక పటం, ఇళ్ళూవాకిళ్ళూ ఒక పటం వేసి, ఒకదాని మీద ఒకటి పరచి, ఎక్కడ కట్టవచ్చో ఎక్కడ ముట్టుకోకూడదో తేల్చడం. ఆయన రోజుల్లో పారదర్శకమైన కాగితాల మీద చేసిన పని, ఈ రోజు మామూలు ల్యాప్‌టాప్‌లో చేయవచ్చు. దానికి తోడు ఆ ఊరి రెవెన్యూ నక్షా కూడా పెట్టుకుంటే, ఉపగ్రహానికి కనపడని పాత కాలువలు, బండ్లబాటలు బయటపడతాయి.

సమాచారం దగ్గర్లోనే ఉన్నా, దాన్ని వాడుకునే పద్ధతి చేయిపట్టి నేర్పే మనిషి కావాలి. కళాశాలలో ల్యాబ్ తాళం సాయంత్రం నాలుగున్నరకే పడిపోతే, సొంత ల్యాప్‌టాప్ లేని విద్యార్థి ఏం చేయాలి? స్టూడియో పని రాత్రి దాకా సాగుతుంది. ఆ పనిని చూసి మార్కులు వేసే జ్యూరీకి ముందు రోజుల్లో పెద్ద షీట్ల ప్రింటుకే వందలు, వేలు ఖర్చవుతాయి. తల్లిదండ్రులు కూలికి పోయే ఇంటి నుంచి వచ్చిన పిల్లకు ఆ ఖర్చు ఫీజు కంటే బరువు. ఫీజుకు రీయింబర్స్‌మెంట్ ఉంది, ప్రింటుకు లేదు. కళాశాలలోనే ఒక ప్లాటర్ పెట్టి, కాగితం ఖరీదుకే ప్రింటు ఇవ్వడం పెద్ద పనేమీ కాదు. చేత్తో గీసిన షీటుకు కంప్యూటర్ షీటుతో సమానంగా మార్కులు వేయడం అంతకంటే చిన్న పని.

ఖరీదైన పరికరాలు లేవని ఆగిపోవద్దు. సర్వేకు వాడే టోటల్ స్టేషన్ ఉంటే మంచిదే. లేనప్పుడు తాపీమేస్త్రీ వాడే లెవెల్ పైపు ఉంది. నీళ్ళు నింపిన పారదర్శక గొట్టంతో రెండు చోట్ల మట్టం తేడా ఖచ్చితంగా తెలుస్తుంది. వాటర్‌షెడ్ పనుల్లో రైతులు కర్రలతో చేసుకున్న ‘A’ ఆకారపు ఫ్రేమ్‌తో వాలుకు అడ్డంగా కాంటూరు గీత గీయవచ్చు. సీసాలో మట్టి వేసి నీళ్ళు పోసి కలిపి వదిలేస్తే అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, ఆ పైన బంకమట్టి పొరలుగా తేరుకుంటాయి. ఒక గుంత తీసి నీళ్ళు పోసి ఎంతసేపట్లో ఇంకాయో గడియారం చూస్తే ఆ నేల గుణం తెలుస్తుంది. ఇక్కడ ఎర్ర చల్క నేలలు ఎక్కువ. గడ్డపార వేస్తే కాసేపటికే మొరం తగులుతుంది, ఆ తర్వాత బండ. ఆ చప్పుడు విన్న విద్యార్థి మహావృక్షం పక్కన మహావృక్షం రాసి ప్లాంటింగ్ ప్లాన్ నింపేయడు.

మొక్కల సంగతికి వస్తాను. మనకు నర్సరీ అంటే కడియం. హైదరాబాదు చుట్టుపక్కల తోటల్లో నాటే అలంకరణ మొక్కల్లో చాలా భాగం అక్కడి నుంచి లారీల్లో వచ్చేవే. ఆ రైతుల నైపుణ్యం గొప్పది, విద్యార్థులు కడియం తప్పక చూడాలి. అయితే గోదావరి ఒండ్రులో పెరిగిన మొక్క షామీర్‌పేట చల్కలో ఎట్లా ఉంటుందో తెలుసుకోవడానికి ఇక్కడ నాటి చూడడం తప్ప వేరే మార్గం లేదు. కోనోకార్పస్ అనుభవం మనకు ఉంది. ఎక్కడో అరేబియా, ఆఫ్రికా తీరాల చెట్టు. త్వరగా పెరుగుతుంది, పచ్చగా ఉంటుంది అని రోడ్ల వెంట విరివిగా నాటారు. తర్వాత అభ్యంతరాలు వచ్చి నాటవద్దని ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది. మోదుగ, రేల, కానుగ, నెమలినార, చింత, వేప, వాగు ఒడ్డున తెల్లమద్ది, గట్ల మీద తంగేడు ఈ నేలకు అలవాటైనవి. వీటిని గుర్తుపట్టడం ఒక్క టూరుతో వచ్చేది కాదు. మోదుగ శివరాత్రి రోజుల్లో పూస్తుంది, రేల ఎండాకాలంలో, తంగేడు నిండుగా బతుకమ్మకు. నాలుగు నెలల సెమిస్టరులో ఒకసారి తీసుకుపోయి చూపిస్తే విద్యార్థికి ఏడాదిలో ఒక రూపమే తెలుస్తుంది. అందుకే ప్రతి విద్యార్థికీ ఒక చెట్టు అప్పగించి, పన్నెండు నెలలు దాని ఆకు, పూత, కాత, నీడ పొడవు, దానిమీద వాలే పిట్టలు రాసుకోమనాలి. కండ్లకోయలో నాగ్‌పూర్ రహదారి పక్కన అటవీ శాఖ ఆక్సిజన్ పార్కు ఉంది. అందులో ఈ పని హాయిగా చేయవచ్చు. జీడిమెట్లలో కూరగాయలు, పూల సాగుకు ఉద్యాన శాఖ వారి శ్రేష్ఠతా కేంద్రం ఉంది, నారు పెంపకం అక్కడ చూడవచ్చు.

వీటన్నింటికీ మించి పిల్లలకు సొంతంగా ఒక నేల కావాలి. ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయానికి భూమి ఉంది. అందులో ఒక ఎకరమో రెండెకరాలో ల్యాండ్‌స్కేప్ క్షేత్రంగా విడదీసి, ఒక ఉద్యాన విద్యార్థిని, ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థిని జతగా కూర్చి, ఒక్కో జతకు కొంత ముక్క ఇవ్వాలి. మట్టం కొలవడం నుంచి, వాన నీటి దారి తీయడం, గుంత తవ్వడం, నాటడం, మరుసటి ఎండాకాలం దాకా బతికించడం వరకు వాళ్ళదే బాధ్యత. నాటిన రోజున వేసే మార్కులు సగమే. మిగతా సగం మే నెలాఖరున, బతికిన మొక్కలను చూసి వేయాలి. మన రాష్ట్రంలో 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపల్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టాయి. సర్పంచులకు, వార్డు సభ్యులకు పెట్టిన పరీక్ష ఆ పనికోసమే చదువుకుంటున్న పిల్లలకు పెట్టకపోతే ఎట్లా?

ఈ క్షేత్రంలో గురువులుగా ఆచార్యులు మాత్రమే సరిపోరు. ముప్పై ఏళ్ళు తోటలో పనిచేసిన మాలికి ఏ మొక్క ఏ గాలికి వాలుతుందో తెలుసు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ పొలానికి ఎంతసేపు నీరు పారించాలో ఊరి నీరటికి తెలుసు. వాళ్ళను పిలవాలి. పిలిచి ఊరికే పంపేయకుండా, అతిథి ఉపన్యాసకుడికి ఇచ్చినట్టే గౌరవ వేతనం ఇవ్వాలి. పిల్లలు వాళ్ళను అన్నా, తాతా అని పిలిచి కింద కూర్చొని రాసుకోవాలి.

భాష గురించి ఒక్క మాట. గురుకులాల నుంచి, పల్లె బడుల నుంచి వచ్చిన విద్యార్థి రేల చెట్టును రాత్రి పూట కూడా గుర్తుపడతాడు. కాసియా ఫిస్టులా అని పరీక్ష పేపర్లో కనిపిస్తే తడబడతాడు. మొదటి ఏడాది మొక్కల గుర్తింపు పరీక్షలో ఊరి పేరు రాసినా మార్కు వేసి, శాస్త్రీయ నామం మెల్లగా నేర్పితే అతని ధైర్యం నిలబడుతుంది. ఆ ధైర్యంతోనే మిగతా చదువంతా నడుస్తుంది.

ఆడపిల్లల విషయం పక్కన పెట్టకూడదు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్ళకు ప్రయాణం ఉచితం. సైటుకు పోయే ఖర్చు ఆ మేరకు తగ్గింది. పోయిన చోట మరుగుదొడ్డి లేకపోతే ఉదయం నుంచి నీళ్ళు తాగకుండా ఎండలో సర్వే చేసే పిల్లలున్నారు. సైటు సందర్శన పెట్టే అధ్యాపకులు ముందుగా చూడవలసిన సౌకర్యం అదే. తాగునీరు, టోపీ, ప్రథమ చికిత్స పెట్టె, చీకటి పడకముందే తిరుగు బస్సు కూడా పాఠ ప్రణాళికలో భాగమే.

అందరూ ముక్కు మూసుకొని దాటిపోయే ఒక చోటు కూడా ఈ ప్రాంతంలో ఉంది, జవహర్‌నగర్ డంపింగ్ యార్డు. ఏళ్ళ తరబడి నగరమంతా పోసిన చెత్త కోటి టన్నులు దాటింది. ఆ కొండను మట్టితో, ప్లాస్టిక్ పొరలతో కప్పి పైన పచ్చిక పెంచారు. దాని నుంచి ఊరిన మురుగునీరు పక్కనున్న మల్కారం చెరువును పాడుచేసింది. న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్‌లో ఫ్రెష్ కిల్స్ అనే చెత్త మైదానం ఇట్లాగే 1948లో మొదలై 2001లో మూతపడింది. దాదాపు 2,200 ఎకరాలు. దాన్ని దశాబ్దాల ప్రణాళికతో దశలవారీగా ఉద్యానవనంగా మారుస్తున్నారు, ఆ పనికి నాయకత్వం ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులదే. మన విద్యార్థులు ఆ ప్రాజెక్టు గురించి పుస్తకాల్లో చదువుతారు. తమ జిల్లాలోనే ఉన్న జవహర్‌నగర్ మీద థీసిస్ రాయడానికి అనుమతి, సమాచారం, రక్షణ సామగ్రి నగరపాలక సంస్థ ఇప్పిస్తే, మల్కారం చెరువు కింది ఊళ్ళకు కూడా ఆ పని ఉపయోగపడుతుంది.

పై చదువులకు దారులున్నాయి. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో 1972 నుంచి ల్యాండ్‌స్కేప్ విభాగం నడుస్తోంది. 2008లో మొదలైన విజయవాడ స్కూల్‌లో కూడా ల్యాండ్‌స్కేప్‌లో మాస్టర్స్ ఉంది. వృత్తిలో ఉన్నవారికి 2003 నుంచి ఇండియన్ సొసైటీ ఆఫ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్స్ అనే సంఘం ఉంది. ఈ వివరాలు మూడో ఏడాదిలోనే విద్యార్థికి చేరాలి. చివరి సెమిస్టరులో తెలిస్తే పోర్ట్‌ఫోలియో తయారు చేసుకునే సమయమే మిగలదు.

ఉద్యాన విశ్వవిద్యాలయం పెద్దలకు, ఆర్కిటెక్చర్ కళాశాలల ప్రిన్సిపాళ్ళకు నాది ఒక్కటే విన్నపం. వచ్చే విద్యా సంవత్సరం మొదలు కాకముందే ఒక చోట కూర్చోండి. రెండు పేజీల ఒప్పందం చాలు. ములుగులో ఒక ఎకరం, ఇరువైపుల నుంచి కొందరు విద్యార్థులు, ఒక మాలి, వారానికి ఒక రోజు ఒక బస్సు. తొలకరి పడేలోపు ఆ ఎకరానికి మట్టం కొలిచి హద్దురాళ్ళు పాతించండి. తల్లిదండ్రులారా, మీ పిల్లలు మట్టి చేతులతో ఇంటికి వస్తే ఆ రోజు చదువు సాగిందని నమ్మండి.